కామాకు ఇటువైపు

ఎపేలి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. చదవడం అయ్యాక దాన్ని స్టాఫ్‌రూం బల్ల మీద పెట్టి మడతలు అరచేత్తో సాపు చేశాడు.

"అన్నీ రాశావు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అకనీసీ, ఇదేం రాత తల్లీ? ఇంజన్ బాగాలేదని సేరు కమిటీకి రెండుసార్లు చెప్పాడు. చుక్క. రెండో పడవ లేదు. చుక్క. లైఫ్ జాకెట్లు గదిలో ఉన్నాయి. చుక్క. మేకులు దిగ్గొట్టినట్టుంది."

అకనీసి నవ్వబోయి ఆగిపోయింది. నది సముద్రంలో కలిసే చోట, సేరు నడిపే బడి పడవ తిరగబడిన పొద్దుటి నుంచీ వైలోటు ఊళ్లో ఎవరికీ నవ్వు రావడం లేదు. పిల్లలందరూ బతికారు. కానీ కెలేరా కూతురు వాసిటి కాలు ఇంజన్ రెక్కకు తగిలి మోకాలి కింద చీలిపోయింది. నాలుగో క్లాసు పిల్ల. లంబాసా పట్నం ఆస్పత్రిలో ఉంది. పాదం నిలుస్తుందో లేదో డాక్టర్లు ఇంకా తేల్చలేదు.

ఎపేలి బడి కమిటీకి పెద్ద, అకనీసి తండ్రికి సొంత తమ్ముడు. ప్రమాదం మీద విద్యాశాఖకు పంపాల్సిన రిపోర్టు ఆమెతో రాయిస్తున్నాడు. బడిలో పెద్ద తరగతులకు ఇంగ్లీషు చెప్పేది ఆమే. ఊరంతటికీ ఇంగ్లీషులో ఏది కావాలన్నా రాసిపెట్టేదీ ఆమే.

"అక్కడ చదివేవాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు," అన్నాడు ఎపేలి. "నీకు వచ్చినట్టు కలిపి రాయి. ఒక్క విషయం కూడా తీసేయమనను. అలా అంటే పైన దేవుడున్నాడు. కాకపోతే, చివరికొచ్చేసరికి సేరు ఎక్కువమందిని ఎక్కించుకున్నాడన్నది తేలాలి. జరిగింది అదేగా?"

"జరిగింది అదే బాబాయ్."

"మరింకేం!"

ఆయన వెళ్లాక అకనీసి పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. ఇలాంటి పని ఆమెకు ఇష్టం. పొట్టి వాక్యాలు నాలుగు ముందు పెట్టుకుని, దేన్ని దేని కింద ఒదిగించాలా అని చూడటం మొగలాకు చాప అల్లడం లాంటిది. ఏ పాయ పైకి రావాలో, ఏది కిందికి పోవాలో చేతికే తెలుస్తుంది. 'వైల్' పెట్టి చూసింది, నచ్చలేదు, కొట్టేసింది. 'అయినప్పటికీ' అనే అర్థంలో 'ఆల్దో' పెట్టింది. 'సేరు కమిటీకి చెప్పాడు' అంటే వాక్యం మధ్యలో మనుషులు అడ్డం పడుతున్నారు. 'తెలియజేయడం జరిగినా' అని మార్చింది. సాఫీగా వచ్చింది.

చివరికి తేలిన ఇంగ్లీషు వాక్యం సారాంశం ఇది: 'ఇంజన్ లోపం గురించి రెండుసార్లు తెలియజేయడం జరిగినా, ఆ ఉదయం రెండో పడవ అందుబాటులో లేకపోయినా, లైఫ్ జాకెట్లు బడి గదిలో భద్రపరచి ఉన్నా, పడవ నడిపే సేరు పన్నెండు మంది పట్టే పడవలో పందొమ్మిది మంది పిల్లల్ని ఎక్కించుకుని బయలుదేరాడు.'

ఆమె దాన్ని ఒకసారి లోగొంతుకతో చదువుకుంది. ఎక్కడా తట్టుకోలేదు. మూడు చోట్ల తేలిగ్గా ఆగి, చివర బరువుగా దిగింది. తృప్తిగా అనిపించింది. శుభ్రంగా తిరగరాసి, ఎపేలి మనవడి చేతికిచ్చి పంపింది.

మర్నాడు ఫారం ఫైవ్‌కు పాఠం కూడా అదే. సిలబస్‌లో ఆ వారానికి ఉన్నదే అది. రెండు వాక్యాల్ని ఒకటి చేయడం, ఏది పైకి కనిపించాలో దాన్ని ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడం. అకనీసి బోర్డు మీద రాసింది: వాన పడింది. మ్యాచ్ జరిగింది.

"'ఆల్దో' తగిలించామనుకోండి, ఆ ముక్క పక్కకు జరిగి నిలబడుతుంది," అంది. "అది ఉంటుంది. ఎక్కడికీ పోదు. కానీ చదివేవాడు దాన్ని దాటుకుని వెళ్లిపోతాడు. కామా తర్వాత వచ్చేదే మనసులో ఉంటుంది. వాన పడినా మ్యాచ్ జరిగింది. మీకేం గుర్తుంది?"

"మనం ఓడిపోయామని," అన్నాడు వెనక బెంచీ రగ్బీ కుర్రాడు. గది గొల్లుమంది.

మిలికా చెయ్యెత్తింది. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి అనే పిల్ల.

"మేడమ్, ఇది మా ఇంట్లో రోజూ నడిచే సంగతే. మా తమ్ముడు పళ్లెం పగలగొట్టాడనుకోండి. ఆ పళ్లేనికి ముందే బీట ఉందనుకోండి. వాడికి దెబ్బలు పడేదీ లేనిదీ నేను చెప్పేదాన్ని బట్టి ఉంటుంది."

"ఎలాగ?"

"'పళ్లేనికి బీట ఉన్నా, తమ్ముడు పగలగొట్టాడమ్మా' అన్నానా, చీపురు లేస్తుంది. 'తమ్ముడు పగలగొట్టినా, దానికి ముందే బీట ఉందమ్మా' అన్నానా, అమ్మ ఆ పళ్లేన్నే తిడుతుంది. రెండూ నిజమే మేడమ్. నేను అబద్ధం చెప్పలేదు కదా!"

"మరి నువ్వు ఏది చెప్తావే?" అని పక్కపిల్ల అడిగింది.

"వాడు ఆ రోజు నాతో ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి."

క్లాసు మళ్లీ గొల్లుమంది. అకనీసి కూడా నవ్వింది. నవ్వు మొహం మీద ఉండగానే రిపోర్టులో తను కలిపిన వాక్యం గుర్తొచ్చింది. చేతిలోని సుద్దముక్క విరిగి, ఒక సగం కిందపడి దొర్లింది. వంగి తీయాలని కూడా ఆమెకు తోచలేదు.

"మేడమ్, మీకు బాగానే ఉందా?"

"బోర్డు మీదవి రాసుకోండి," అంది. కుర్చీలో కూర్చుని సంచీలోంచి రిపోర్టు చిత్తుప్రతి తీసింది.

తను రాసిందే. తన చేతిరాతే. కానీ ఎవరో కొత్తవాళ్లు రాసిన దాన్ని చదువుతున్నట్టుంది. ఇంజన్ సంగతి ఒక 'ఆల్దో' వెనక. రెండో పడవ ఇంకో దాని వెనక. జాకెట్లు మూడో దాని వెనక. 'తెలియజేయడం జరిగింది' అట. తెలియజేసింది ఎవరు? ఎవరికి? సేరు చెప్పాడని, కమిటీకి చెప్పాడని మొదటి ప్రతిలో ఉంది. సాఫీగా రావడం కోసం ఇద్దర్నీ తనే తుడిచేసింది. జాకెట్లు 'భద్రపరచి ఉన్నాయి' అట. తాళం వేసి ఉన్నాయి అనడానికి ఎంత పెద్దమనిషి మాట! కామా అవతల, నడిమధ్యలో, ఒక్క మనిషే నిలబడి ఉన్నాడు. సేరు.

సాఫీగా ఉందని మురిసిపోయింది తను. ఆ మురిపెం గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి.

బడి వదలగానే ఎపేలి ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నేలలో పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి, ఒక్క తిప్పుతో పీచు ఊడదీస్తున్నాడు.

"ఆ రిపోర్టు మార్చాలి బాబాయ్."

"ఎందుకు? బ్రహ్మాండంగా ఉంది. రెండుసార్లు చదివాను."

"సేరు బావ ఒక్కడే తప్పు చేసినట్టుంది."

ఎపేలి కాయ పక్కన పెట్టాడు. "ఏ మాట తప్పో చూపించు."

"మాటలో లేదు."

"మరెక్కడుంది?"

ఆమెకు చెప్పడం చేతకాలేదు. రోజూ నలభై మంది పిల్లలకు చెప్పే సంగతి, సొంత బాబాయికి చెప్పబోతే నోరు పెగలలేదు. "కలిపిన తీరులో ఉంది," అంది చివరికి.

"కలిపిన తీరుకు ఎవర్నీ ఉరి తీయరు తల్లీ."

"సేరు బావకు పడవ లైసెన్సు పోతుంది. కేసు కూడా పెడతారేమో."

ఎపేలి మొహం ఒక్కసారిగా ముసలిదైంది. "సేరుకు పడవ పోతే వల ఉంది. కమిటీ మీదికి వస్తే బడి మూసేస్తారు. నది అవతలి పిల్లలందరూ ఎక్కడికి పోతారు? చెప్పు. నాకేమన్నా వాడి మీద కక్షా? నా చేతుల్లో పెరిగినవాడు." మళ్లీ కాయ అందుకున్నాడు. "ఆదివారం చర్చి అయ్యాక ఊరికి చదివి వినిపిస్తావు. సోమవారం పంపుతాను. నువ్వు రాసిందే, నీ గొంతుతోనే."

పీచు చర్రుమని చినిగింది.

శనివారం పొద్దున అకనీసి కావాలనే నది వైపు వెళ్లింది. సేరు పడవను ఇసుకలోకి లాగి బోర్లించి, కొబ్బరి పీచుతో అడుగు తోముతున్నాడు. ఆమెకు మేనమామ కొడుకు. వరసకు బావ. ఎక్కడ కనిపించినా ఎదురు మాట విసిరేవాడు. ఈసారి తలెత్తి చూసి, మళ్లీ తోమడంలో పడ్డాడు.

"ఎన్నిసార్లు తోముతావు బావా? రంగు ఊడిపోతుంది."

"రక్తం మరక మరదలా. చెక్కలోకి దిగింది."

అక్కడ మరకేమీ లేదు.

"కెలేరా ఇంటికి వెళ్లావా?"

"ఆనవాయితీ ప్రకారం యాంగోనా వేళ్ల కట్ట పట్టుకుని క్షమాపణకు వెళ్లాను. గుమ్మం బయట కూర్చున్నాను. తలుపు తీయలేదు. తీయకపోవడమే సబబు." పీచును నీళ్లలో ముంచి పిండాడు. "రేపు ఏదో చదువుతావటగా?"

"నా రిపోర్టే."

"నువ్వు రాశావంటే సరిగానే ఉంటుందిలే," అన్నాడు. "నాకు ఇంగ్లీషు ఎలాగూ ఎక్కదు."

ఆమె అక్కడ ఇంకాసేపు నిలబడి, చెప్పాలనుకున్నది చెప్పకుండానే వచ్చేసింది.

ఆదివారం ఊరి హాలు నిండింది. చాపల మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మధ్యలో చెక్కగిన్నెలో యాంగోనా వేళ్ల పొడి నీళ్లలో కలిపారు. కొబ్బరి చిప్ప అందుకున్నవాళ్లు తాగి, మర్యాదగా అరచేతులు గుంటగా పెట్టి చరిచి, చిప్ప ఇచ్చేస్తున్నారు. సేరు అందరికంటే వెనక, గుమ్మం దగ్గర మఠం వేసుకుని, తల దించుకుని కూర్చున్నాడు. కెలేరా ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. సేరు ఉన్న వైపు తల కూడా తిప్పలేదు.

అకనీసి లేచి ఇంగ్లీషులో చదివింది. ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. అందరూ చర్చిలో విన్నట్టు మర్యాదగా విన్నారు. ఎపేలి తల ఊపాడు.

"అంతే. మనకు తెలిసిందే. అందరికీ సమ్మతమేగా?"

"నాకు అర్థం కాలేదు," అంది కెలేరా.

"ఇంగ్లీషులో ఉంది అమ్మా, ఆఫీసువాళ్ల కోసం..."

"ఆఫీసువాళ్ల పిల్ల కాదు ఆస్పత్రిలో ఉన్నది. మన భాషలో చెప్పు టీచరమ్మా. ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

ఎపేలి అకనీసి వైపు చూశాడు. వద్దనలేదు. వద్దనడానికి దారి లేదు.

అకనీసి కాగితం చూసి మొదలుపెట్టింది. "ఇంజన్ లోపం గురించి రెండుసార్లు తెలియజేయడం జరిగినా..."

"ఆగు," అంది కెలేరా.

అకనీసి ఆగింది. కాగితం మీద అది కామా ఉన్న చోటు. ఇంగ్లీషులో అక్కడ ఎవరూ ఆగలేదు.

"ఇంజన్ బాగాలేదని ముందే తెలుసా?"

హాలంతా కదిలింది. అకనీసి కాగితం కిందికి దించింది. "తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"సేరు బావ చెప్పాడు. రెండుసార్లు."

"ఎవరికి?"

"కమిటీకి."

ఎవరో ఆడమనిషి 'అయ్యో దేవుడా' అంది. ఇన్ని రోజులూ కెలేరా పళ్లు బిగబట్టి తిట్టుకున్నది ఒక్క మనిషినే. ఇప్పుడామె ఎటు చూడాలో తెలియక తన చేతుల్ని చూసుకుంది.

"తర్వాత?" అంది సన్నగా.

"రెండో పడవ ఆ పొద్దున లేదు. పక్క ఊరి చర్చి పాటగాళ్లను తీసుకురావడానికి వెళ్లింది."

"పంపిందెవరు?"

అందరూ ఎపేలి వైపు తిరిగారు. ఆయన చాప అంచు పట్టుకుని పోగులు లాగుతున్నాడు.

"తర్వాత?"

"లైఫ్ జాకెట్లు బడి గదిలో ఉన్నాయి. తాళం వేసి. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు కొత్తగా కనిపించాలని."

పిల్లలు పడవ ఎక్కి నదిలోకి వెళుతుంటే, గది లోపల వరసగా వేలాడుతున్న నారింజ రంగు జాకెట్లు అందరి కళ్ల ముందూ కనిపించినట్టున్నాయి. చిప్ప పట్టుకున్న మనిషి దాన్ని తాగనూ లేదు, దించనూ లేదు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని కెలేరా అడిగింది. టీచర్ని కాదు. హాలంతటినీ అడిగింది.

ఎపేలి గొంతు వినిపించింది. "నా దగ్గర."

మిగిలింది ఒక్కటే ముక్క. ఈసారి దాన్ని ఎలా అంటే సరిపోతుందో అకనీసికి తెలుసు. గుమ్మం దగ్గర తల దించుకున్న మనిషిని ఇన్నాళ్లకు కాపాడగలననిపించింది. వేగంగా, మెత్తగా అనేసింది: "ఇవన్నీ ఇలా ఉండబట్టి, సేరు బావ పందొమ్మిది మందిని ఎక్కించుకోవాల్సి వచ్చింది."

"లేదు," అన్నాడు సేరు.

అతని గొంతు విని అందరూ ఉలిక్కిపడ్డారు. ప్రమాదం తర్వాత అతను నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు. లేచి నిలబడ్డాడు. పెద్దల ముందు నిలబడకూడదని గుర్తొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎక్కించుకోవాల్సి రాలేదు మరదలా. ఎక్కించుకున్నాను."

"బావా, నువ్వు..."

"రెండుసార్లు తిప్పొచ్చు. ఎప్పుడూ అలాగే తిప్పేవాణ్ని. ఆ రోజు వాన మొదలవుతోంది. బెల్లు కొడతారని పిల్లలు గోల పెడుతున్నారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంజన్ సంగతి నాకే బాగా తెలుసు. తెలిసీ అనుకున్నాను." ఎపేలి వైపు ఒకసారి చూశాడు. "పెద్దాయన తాళం సంగతి ఆయన చెప్పాడు. నాది నేను చెప్పుకోవాలి. దాన్ని ఇంకోదాని వెనక పెట్టకు."

అకనీసి నిర్ఘాంతపోయింది. కాగితం మీద చేసిన పనే, వారం తిరక్కుండా నోటితో మళ్లీ చేసింది. మొదటిసారి బాబాయి కోసం. రెండోసారి ప్రేమతోనో, సిగ్గుతోనో. ఆమె కాగితం మడిచి చాప మీద కూర్చుంది.

కెలేరా మొదటిసారి సేరు వైపు తిరిగి చూసింది. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. చూసి, చూసి, లేచి బయటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే హాల్లో కూర్చుని అకనీసి రిపోర్టు మళ్లీ రాసింది. ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క వాక్యం, ఎవరు చేసింది వాళ్ల పేరుతో. రెండో పడవను పంపిందెవరో రాయాల్సిన చోట కలం ఆపి, ఎపేలి వైపు చూసింది. "రాయి," అన్నాడాయన. రాసింది. సేరుది చివర పెట్టలేదు, మొదట పెట్టలేదు. జరిగిన వరసలో ఎక్కడ వచ్చిందో అక్కడ పెట్టింది. ఎపేలి ఎవరి దగ్గరో కళ్లజోడు అడిగి తీసుకుని చదివాడు. సంతకం పెట్టాడు. కలం ఆమె చేతికివ్వకుండా చాప మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆయన ఆమెతో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే, పిన్ని ఒక్కతే పలకరించేది.

బడి మూతపడలేదు. కమిటీ మారింది. సేరు లైసెన్సు ఏడాదిపాటు ఆపేశారు. కేసు పెట్టలేదు. వాసిటి పాదం నిలిచింది, కానీ నడక ఇదివరకటిలా ఉండదన్నారు.

ఆ మాట ఇంకా తెలియకముందు, హాల్లో చదివిన మర్నాడు, సోమవారం పొద్దున్నే, అకనీసి బడికి వెళుతూ రోడ్డు మలుపులో ఆగింది. లంబాసా బస్సు కోసం కెలేరా నిలబడి ఉంది. ఆమెకు పది అడుగుల అవతల, అదే బస్సు కోసం సేరు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు. కెలేరా ఒక చేతిలో దుప్పటి చుట్ట, రెండో చేతిలో ఉడికించిన కసావా దుంపల గిన్నె.

బస్సు వచ్చి ఆగింది. మెట్టు ఎత్తుగా ఉంది. కెలేరా పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక ఒక క్షణం తటపటాయించింది. తర్వాత వెనక్కి తిరగకుండానే గిన్నెను పక్కకు చాపింది.

సేరు ముందుకొచ్చి రెండు చేతులతో అందుకున్నాడు.